మిర్చి మంటను బీరు చల్లారుస్తుందా? ఐదు వంటల విందులో అసలు రసాయనం

బెంగళూరులో మైక్రో బ్రూవరీలు ఇప్పుడు పదుల సంఖ్యలో ఉన్నాయి. బీరును అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అద్దాల వెనక మెరిసే స్టీలు ట్యాంకుల నుంచి నేరుగా గ్లాసుల్లోకి పడతారు. వీటిలో కొన్ని అప్పుడప్పుడు ఒక ప్రత్యేక విందు ఏర్పాటు చేస్తుంటాయి. నాలుగైదు వంటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి వంటకూ ఒక చిన్న గ్లాసులో వేరే బీరు. వడ్డన మొదలయ్యే ముందు బ్రూవర్ లేచి, ఈ వంటకు ఈ బీరే ఎందుకో రెండు మాటలు చెబుతాడు.

ఆ మాటల్లో తరచుగా వినిపించేవి మూడు. బీరు జిడ్డును కడిగేస్తుంది. కారం మంటను చల్లారుస్తుంది. ఒకే రకం వాసనలున్న తిండి, పానీయం కలిస్తే రుచి పెరుగుతుంది. వింటే మూడూ నిజమే అనిపిస్తాయి. ప్రయోగశాలలో పరీక్షిస్తే మాత్రం మూడింటికీ ఒకే మార్కులు పడలేదు. ముఖ్యంగా ఆంధ్రా భోజనానికి అలవాటు పడ్డవారికి ఎక్కువగా పనికొచ్చే ఆ రెండో మాట పూర్తిగా తలకిందులైంది.

అరటిపండు లేని అరటి వాసన

ఇలాంటి విందులు సాధారణంగా తేలికైన బీరుతో మొదలవుతాయి. మన బ్రూవరీల్లో అది ఎక్కువగా జర్మన్ పద్ధతిలో చేసిన గోధుమ బీరు, అంటే హెఫెవైజన్. కాస్త మబ్బుగా, లేత పసుపు రంగులో ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పండిన అరటిపండు వాసన, వెనకే లవంగం ఘాటు. ఆ ట్యాంకులో అరటిపండు గానీ లవంగం గానీ ఎవరూ వేయలేదు. రెండూ ఈస్ట్ చేతి పనే. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే క్రమంలో అది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను కూడా తయారు చేస్తుంది. అరటిపండుకు ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం కూడా ఇదే. గింజల్లో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని అదే ఈస్ట్ 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తుంది. లవంగం ఘాటు దాని నుంచి వస్తుంది.

ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగితే అరటిపండు మాయమవుతుంది. కొంచెం తీపి, కొంచెం పులుపు, నాలుక మీద చురుకు, అంతే. ముక్కు వదిలి గాలి బయటికి వదలగానే అరటి వాసన తిరిగొస్తుంది. మనం 'రుచి' అనుకునే దానిలో చాలా భాగం నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. బీరు మరీ మంచులా ఉంటే వాసన అణువులు ఆవిరై పైకి రావు. అందుకే శ్రద్ధ ఉన్న బ్రూవర్ గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టడు.

బుడగ లేకపోయినా చురుకు తగ్గదు

రెండో వంట వేయించిన చేప, తోడుగా లాగర్. జిడ్డు కడగడం అన్న మొదటి మాటకు పరీక్ష ఇక్కడే.

ఒక లీటరు బీరులో సుమారు 5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. అదంతా వాయువుగా బయటికొస్తే రెండున్నర లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఒక ద్రవంలో ఎంత వాయువు కరుగుతుందో దాని మీద ఉన్న ఆ వాయువు పీడనం నిర్ణయిస్తుందని 19వ శతాబ్ది మొదట్లో విలియం హెన్రీ గుర్తించాడు. ట్యాంకులో పీడనం ఉన్నంతసేపు వాయువు కరిగే ఉంటుంది. గ్లాసులోకి రాగానే పీడనం తగ్గి, బుడగలై లేస్తుంది.

నాలుక మీద చురుక్కుమనిపించేది ఈ బుడగలు పగలడమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రానికి చెందిన పాల్ వైజ్ బృందం కొందరిని అధిక పీడన గదిలో కూర్చోబెట్టి గ్యాస్ నింపిన నీళ్లు తాగించింది. ఆ పీడనంలో బుడగలు ఏర్పడవు. అయినా చురుకు తగ్గలేదని 2013లో ఆ బృందం ప్రకటించింది. పని చేస్తున్నది బుడగ కాదు, ఆమ్లం. నోటిలోని కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని కలిపి ఆమ్లంగా మారుస్తుంది. పులుపును గుర్తించే కణాలు, నొప్పిని గుర్తించే నాడులు దానికి స్పందిస్తాయి. ఎత్తైన కొండలెక్కేవారు వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. శిఖరం దిగొచ్చి సంబరంగా బీరు తెరిస్తే అది చప్పగా ఉందని వాళ్లు చేసిన ఫిర్యాదు వెనక కారణం ఇదే. వైద్య సాహిత్యంలో దానికి 'షాంపేన్ దిగులు' అనే సరదా పేరు కూడా ఉంది.

మరి జిడ్డు సంగతి? 2012లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీనికి దగ్గరగా వెళ్లింది. పాల్గొన్నవారు కొవ్వున్న ఎండు మాంసం ముక్కలు తింటూ మధ్యమధ్య టీ తాగారు. టీలో వగరు ఉంటుంది. వగరు, జిడ్డు నోటిలో ఒకదానికొకటి ఎదురు నిలిచే స్పర్శలని, గుక్క గుక్కకూ వగరు పెరుగుతూ జిడ్డు భావనను అణచిపెడుతుందని తేలింది. నీళ్లకు ఆ బలం లేదు. వానాకాలం సాయంత్రం పకోడీకి తోడు టీ ఎందుకు అంత బాగుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. బీరులోనూ గింజల పొట్టు నుంచి, హాప్స్ నుంచి వచ్చే పాలీఫినాల్స్ వల్ల కొంత వగరు ఉంటుంది. దానికి ఆమ్లపు చురుకు తోడవుతుంది. కాబట్టి ఇక్కడ బ్రూవర్ మాట చాలావరకు నిలుస్తుంది. అయితే ఆ పనికి ఆల్కహాల్ అవసరం లేదు.

చిల్లీ చికెన్ ముందు ఐపీఏ

మూడో వంటతో అసలు కథ మొదలవుతుంది. పచ్చిమిర్చి నూరి చేసిన చిల్లీ చికెన్, ఆంధ్రా హోటళ్లు బెంగళూరుకు రుచి మప్పిన వంట. దానికి జతగా ఎక్కువగా వచ్చేది ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఉన్నా ఇది ఇక్కడ పుట్టింది కాదు. 18వ శతాబ్ది చివర్లో లండన్‌లోని బో బ్రూవరీ వంటివి ఇక్కడి ఆంగ్లేయుల కోసం ఓడల్లో పంపిన బీరు దీనికి పూర్వరూపం. ఇది బాగా చేదు. హాప్స్ పువ్వులను మరిగించినప్పుడు వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని ఐసో-ఆల్ఫా ఆమ్లాలవుతాయి. చేదు వాటిదే. మన నోటిలో చేదును పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలున్నాయి. హాప్స్ చేదు వాటిలో కనీసం మూడింటిని తాకుతుంది.

మిరపకాయ కథ వేరు. కారం అసలు రుచే కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ నాడుల కొసల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి అంటుకుంటుంది. ఈ గ్రాహకం అసలు పని వేడిని కనిపెట్టడం. మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ ఆ తలుపును వేడి లేకుండానే తీస్తుంది. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. మిర్చి తిన్నప్పుడు నోరు 'మండుతోంది' అనడం ఉత్త పోలిక కాదన్నమాట. మెదడుకు అందేది అచ్చంగా మంట కబురే.

ఇప్పుడు ఆ నోట్లో బీరు పోస్తే ఏమవుతుంది? 2002లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆల్కహాల్ ఇదే గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుందని చూపింది. ఆల్కహాల్ సమక్షంలో అది తెరుచుకునే ఉష్ణోగ్రత 42 నుంచి సుమారు 34 డిగ్రీలకు పడిపోయింది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే నోటి మామూలు వెచ్చదనమే మంటలా తోచే పరిస్థితి. పుండు మీద స్పిరిట్ పెడితే భగ్గుమనేది, విస్కీ గొంతులో మండేది ఇందుకే. బీరులో ఆల్కహాల్ తక్కువే, కాబట్టి ఒంటరిగా అది మండదు. కానీ మిర్చి అప్పటికే తలుపు తీసి పెట్టిన నోట్లో ఆ కొద్దిపాటి తోపు కూడా లెక్కలోకి వస్తుంది. దానికి కార్బన్ డయాక్సైడ్ చురుకు తోడు. అది కూడా నొప్పి నాడుల పనే.

'మరి చల్లటి బీరు తాగగానే హాయిగా ఉంటుందే?' అనవచ్చు. ఉంటుంది, చల్లదనం వల్ల. చలిని కనిపెట్టే గ్రాహకాలు వేరే ఉన్నాయి. అవి స్పందించిన కొన్ని సెకన్లు మంట మరుగున పడుతుంది. నోరు మళ్లీ వెచ్చబడగానే మంట తిరిగొస్తుంది. అప్పుడు ఇంకో గుక్క. ఆ తర్వాత ఇంకోటి. కారం వంటలు బీరును ఎక్కువగా తాగించడంలో ఆశ్చర్యం లేదు.

ఆల్కహాల్ ద్రావణి కాబట్టి క్యాప్సైసిన్‌ను కరిగించి తీసుకుపోతుందన్న వాదన కూడా వినిపిస్తుంది. గాఢమైన ఆల్కహాల్‌లో క్యాప్సైసిన్ బాగా కరుగుతుంది, నిజమే. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మాత్రం ఆ విషయంలో దాదాపు నీళ్లతో సమానం.

దీన్ని నేరుగా పరీక్షించినవారు అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. 72 మందికి క్యాప్సైసిన్ కలిపిన టమాటా పానీయం ఇచ్చి, ఆ తర్వాత రకరకాల పానీయాలతో మంట ఎంత తగ్గుతుందో కొలిచారు. కొవ్వున్న పాలు, కొవ్వు తీసిన పాలు, తియ్యటి పండ్ల రుచి పానీయం ముందు నిలిచాయి. సోడా, కోలా, ఆల్కహాల్ లేని బీరు బాగా వెనకబడ్డాయి. 2019లో వచ్చిన ఈ ఫలితాల్లో గమనించాల్సింది, కొవ్వు తీసిన పాలు కూడా కొవ్వున్న పాలంత పని చేయడం. అంటే మంటను తగ్గించేది కొవ్వు ఒక్కటే కాదు. పాలలోని కేసిన్ వంటి ప్రొటీన్లు క్యాప్సైసిన్‌ను పట్టుకుంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఆవకాయ అన్నం తర్వాత పెరుగన్నం కలుపుకునే ఇళ్లకు ఈ సంగతి ప్రయోగశాల చెప్పకముందే తెలుసు.

ఆ ప్రయోగంలో తీపి కూడా పని చేసిందని మరవకూడదు. కాబట్టి మిర్చి వంట పక్కన బీరే పెట్టాలంటే చేదు ఐపీఏ కన్నా మాల్ట్ తీపి ఎక్కువగా, ఆల్కహాల్ తక్కువగా ఉన్నది మేలు. ఉప్పు కూడా ఇక్కడ కొంత తోడ్పడుతుంది. అది చేదును అణచి మిగతా రుచులను పైకి తెస్తుందని 1997లోనే తేలింది. నిత్యం కారం తినేవారిలో టీఆర్‌పీవీ1 స్పందన కొంత మొద్దుబారుతుంది. అందుకే ఒకే బల్ల దగ్గర గుంటూరు మనిషి ఐపీఏను ఆస్వాదిస్తుంటే పక్కనున్నవారు కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు.

జాతికి జాతి కలవాలా?

నాలుగో వంటగా నిప్పుల మీద కాల్చిన మాంసం, దానితో గోధుమ రంగు బ్రౌన్ ఏల్. చివర చాక్లెట్ కేకు, దానితో నల్లటి స్టౌట్. రెండు జతలకూ చెప్పే కారణం ఒకటే. వేగిన మాల్ట్, కాలిన మాంసం, వేయించిన కోకో గింజ, మూడింటిలోనూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి కొత్త వాసనలను పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. ఒకే చర్య, ఒకే కుటుంబపు వాసనలు, కాబట్టి జత కుదురుతుంది అన్నది వాదన.

బ్రూవర్ చెప్పే మూడో మాట ఇదే. వాసన అణువులు ఎంత ఎక్కువ ఉమ్మడిగా ఉంటే జత అంత బాగా కుదురుతుందన్న ఊహను 2011లో కంప్యూటర్ సాయంతో వేల వంటకాల మీద పరీక్షించారు. పాశ్చాత్య వంటల్లో అది కొంతవరకు నిజమని, తూర్పు ఆసియా వంటల్లో తిరగబడిందని తేలింది. 2015లో ఐఐటీ జోధ్‌పూర్‌కు చెందిన గణేశ్ బాగ్లర్ బృందం భారతీయ వంటల మీద అదే ప్రశ్న వేసింది. 2,543 వంటకాలను విశ్లేషిస్తే, మన వంటల్లో కలిసే దినుసుల మధ్య ఉమ్మడి అణువులు యాదృచ్ఛికంగా కలిపితే ఉండేదానికన్నా కూడా తక్కువ. దక్షిణాది సహా పరిశీలించిన ఎనిమిది ప్రాంతీయ వంటల్లోనూ అదే ధోరణి. దానికి ముఖ్య కారణం మసాలా దినుసులు. ఒక్క తాలింపునే చూడండి. ఆవాలు, ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి, ఒకదానికొకటి పోలిక లేని వాసనలు.

ఈ అధ్యయనాలు వంటలోని దినుసుల గురించి, పక్కన పెట్టే పానీయం గురించి కాదు. ఏది రుచిగా ఉంటుందో కూడా అవి కొలవలేదు. అయినా జాతికి జాతి కలవాలన్నది రుచికి సార్వత్రిక సూత్రం కాదని చెప్పడానికి అవి చాలు. పాశ్చాత్య పుస్తకాల నుంచి తెచ్చిన జతల పట్టికను మన పులుసులకు, వేపుళ్లకు యథాతథంగా అంటించడం అంత తెలివైన పని కాదు.

ముందే చెబితే ఏమవుతుంది

అసలు ఆ హాల్లో రుచిని మార్చే అతి బలమైన పదార్థం బ్రూవర్ మాటే కావచ్చు. 2006లో అమెరికాలోని ఎంఐటీ ప్రాంగణం దగ్గరి పబ్బుల్లో ఒక ప్రయోగం జరిగింది. బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. ఆ సంగతి తెలియనివారిలో చాలామంది దాన్ని ఇష్టపడ్డారు. తాగాక చెప్పినా వాళ్ల ఇష్టం పెద్దగా మారలేదు. తాగకముందే తెలిసినవారికి మాత్రం అది నచ్చలేదు. గ్లాసులో ఉన్నది అందరికీ ఒకటే. ఎప్పుడు చెప్పారన్న ఒక్క తేడా రుచిని మార్చేసింది.

బ్రూవరీలకు ఈ సంగతి కొత్త కాదు. కొలతల విషయంలో ఆ పరిశ్రమ ఎప్పుడూ ముందే ఉంది. నేడు విజ్ఞానశాస్త్రంలో విస్తృతంగా వాడే 'టీ-టెస్ట్'ను 1908లో ప్రచురించిన విలియం గోసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. రుచిలో తేడా నిజంగా ఉందా అని తేల్చే త్రికోణ పరీక్ష 1940లలో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో రూపుదిద్దుకుంది. మూడు గ్లాసులు ఇస్తారు. రెండిటిలో ఒకటే పానీయం, ఒకదానిలో వేరు. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెబుతారు. కాబట్టి 12 మందిలో నలుగురు చెబితే దానికి విలువ లేదు, కనీసం 8 మంది చెప్పాలి.

దీన్ని ఇంట్లో చేయడానికి బీరు అక్కర్లేదు. మిరపకాయ బజ్జీ, గోలీ సోడా, మామూలు నీళ్లు, పలచటి మజ్జిగ చాలు. అన్నీ ఒకే చల్లదనంతో ఉండాలి, తాగేవారి కళ్లకు గంతలు కట్టాలి, ఒక్కో గుక్క తర్వాత 30 సెకన్లకు, 60 సెకన్లకు మంటకు పదికి ఎన్ని మార్కులో అడగాలి. గ్లాసుల వరుసను ప్రతిసారీ మార్చడం మరవకూడదు.

చిన్న గ్లాసుల పెద్ద లెక్క

విందు ముగిసేసరికి తాగింది ఎంత? గ్లాసు చిన్నది కాబట్టి తక్కువే అనిపిస్తుంది. ఒక్కో గ్లాసు 120 మిల్లీలీటర్లనుకుందాం. ఐదు గ్లాసులు కలిపితే 600 మిల్లీలీటర్లు, ఒక పెద్ద సీసాకు కాస్త తక్కువ. సగటున 5.5 శాతం ఆల్కహాల్ అనుకుంటే అందులో 33 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే 26 గ్రాములు. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే, 70 కిలోల పురుషుడిలో అదంతా ఒకేసారి రక్తంలో చేరితే 100 మిల్లీలీటర్లకు సుమారు 55 మిల్లీగ్రాములవుతుంది. 60 కిలోల స్త్రీలో సుమారు 79. స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కావడమే ఈ తేడాకు ముఖ్య కారణం. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. రెండున్నర గంటల విందు తర్వాత ఆయనలో 17, ఆమెలో 40కి పైగా మిగులుతుంది. మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 30. ఒకే బల్ల, ఒకే కొలత, కానీ ఇద్దరిలో ఒకరు చట్టం దృష్టిలో బండి నడపకూడని స్థితిలో ఉన్నారు. తిండి కడుపులో ఉన్నప్పుడు ఆల్కహాల్ నెమ్మదిగా చేరుతుంది కాబట్టి ఇవి అంచనాలే. కానీ కారం వంటకు ఐపీఏ రెండోసారి నింపించుకున్నవారి లెక్క ఇంకా పైకి పోతుంది.

హద్దు లోపల ఉన్నంత మాత్రాన హాని లేదనీ కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను 1988లోనే మానవుల్లో క్యాన్సర్ కారకాలుగా నిర్ధారించింది. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇప్పుడు ఆల్కహాల్ లేని బీర్లు కూడా వస్తున్నాయి. నురగ, వగరు, హాప్స్ వాసన వాటిలోనూ ఉంటాయి. జిడ్డు మీద పని చేసేవి కూడా అవే కదా.

ఇక బయట రోడ్డు మీద పోలీసులు ఊదించే పరికరం నడిచేది, మొదటి గ్లాసులో బుడగలు లేపిన హెన్రీ సూత్రం మీదే. ఊపిరితిత్తుల్లో రక్తంలోని ఆల్కహాల్ కొంత గాలిలోకి చేరుతుంది. ఎంత చేరుతుందో రక్తంలో ఎంత ఉందో దాని మీద ఆధారపడుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానమని పరికరం లెక్క కడుతుంది. చాక్లెట్ కేకుతో వచ్చిన ఆ చివరి స్టౌట్ గుక్క మింగిన వెంటనే ఊదితే మాత్రం అంకె మరీ ఎక్కువ వస్తుంది. నోటిలో మిగిలిన తడి కూడా అందులో కలుస్తుంది మరి. ఆ తడి ఆరడానికి దాదాపు 15 నిమిషాలు చాలు. రక్తంలోనిది తగ్గేది మాత్రం గంటకు ఆ 15 మిల్లీగ్రాములే.